కోవూరు షెడ్డులో కాంటెస్సా: కొనాలా, వద్దా (ప్రాజెక్టు డైరీ)

జనవరి 3, శనివారం

బండి 1993 కాంటెస్సా క్లాసిక్ కారు, 1.8 పెట్రోలు, ఏపీ 26 నంబరు. నెల్లూరు దగ్గరి కోవూరు పక్కన రేకుల షెడ్డులో 2018 నుంచి కదల్లేదు. అడుగుతున్న ధర 1,50,000. ముందు కుడి మడ్‌గార్డు నొక్కుకుపోయి ఉంది, హెడ్‌లైటు పగిలింది, నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయాయి. మెరూన్ రంగు పైపైన బాగానే ఉంది. ఫొటోలో చూస్తే ముచ్చటేస్తుంది. ఈ డైరీ కొనకముందు చేసిన తనిఖీలకే పరిమితం.

ముందుగా బండి గురించి నాలుగు ముక్కలు. ఇంగ్లండులో 1970ల్లో వాక్స్‌హాల్ కంపెనీ వీఎక్స్ పేరుతో అమ్మిన కారే మన కాంటెస్సాకు మూలం. హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1984 నుంచి 2002 దాకా తయారుచేసింది. మొదట్లో అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీ ఇంజనే పెట్టారు. అంత పెద్ద బాడీని అది ఈడ్చలేకపోయింది. తర్వాత వచ్చిన ఇసుజు 1817 సీసీ ఇంజను, 5 గేర్ల బాక్సుతో బండికి ప్రాణం వచ్చింది. అమెరికా మజిల్ కార్లకు (పెద్ద ఇంజను పెట్టిన జోరు కార్లు) ఉండే ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను దీనికి లేదు, నాలుగే సిలిండర్లు. అయినా పొడుగు బానెట్టు, వెడల్పాటి ఒళ్లు, వెనక చక్రాలకు పవర్ ఉండడంతో మన దేశంలో మజిల్ కార్ అంటే చాలామందికి ఇదే గుర్తొస్తుంది.

పాత కారు చూడబోతే చెయ్యి ముందు బానెట్టు మీదికే పోతుంది. ఈ బండికి మాత్రం బానెట్టు ఆఖర్న ఎత్తాలి. ఇదే ఇసుజు ఇంజను అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్‌లోనూ వచ్చింది కాబట్టి పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు వెతికితే దొరుకుతాయి. విజయవాడ ఆటోనగర్లో దొరక్కపోతే చెన్నైలో పాత బండ్ల సామాను అమ్మే పుదుపేట ఉంది. బాడీ అలా దొరకదు. లారీకి ఉన్నట్టు దీనికి అడుగున వేరే చాసిస్ ఉండదు, రేకులన్నీ కలిసి తామే బరువు మోస్తాయి. ఆ రేకు కుళ్లిపోతే మంచి ఇంజను తెచ్చినా బిగించుకోను చోటుండదు. మొదటి రోజు పనంతా దబ్బనం, అయస్కాంతం, టార్చిలైటుతోనే.

నీటి గీత

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు, పడుగుపాడు వైపు జాతీయ రహదారి తెగింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. షెడ్డులోకి నీళ్లొచ్చాయని అమ్మేవాళ్లే చెప్పారు, దాచలేదు. ఎంత ఎత్తున వచ్చాయో, ఎన్నాళ్లు నిలిచాయో మాత్రం వాళ్లకు గుర్తులేదు. బండిలో మాత్రం ఆ గుర్తు ఉంది.

సీటు బెల్టును ఆఖరుదాకా లాగితే రీలులో చుట్టుకుని ఉన్న భాగం మీద గోధుమరంగు గీత కనబడింది. బండి లోపల కడిగినవాళ్లు బెల్టు చివరిదాకా లాగి కడగరు. తలుపు లోపలి అట్ట ఊడదీస్తే రేకు మీద అదే గీత. షెడ్డు గోడ మీదిది చూస్తే అదీ కలిసింది. టేపు పెట్టి కొలిస్తే నేల నుంచి 58 సెంటీమీటర్లు. ఈ ఒక్క అంకెతో చాలా సంగతులు తేలాయి. డ్యాష్‌బోర్డు, ఫ్యూజు పెట్టె, కార్బురేటర్, ఇంజను హెడ్డు గీతకు పైన ఉన్నాయి. సెల్ఫ్ మోటారు, గేర్‌బాక్సు, వెనక హౌసింగు (వెనక ఇరుసు మధ్య ఉండే గేర్ల పెట్టె), బ్రేకులు, ఆయిల్ చాంబరు, కార్పెట్టు కింద నేల రేకు మునిగాయి.

వచ్చింది ఏటి నీరు కావడం కొంత నయం. మైపాడు, ఇసకపల్లి వైపు ఉప్పుగాలిలో నిలబెట్టిన బండ్లు పైనుంచి తింటూ వస్తాయి, బానెట్టు అంచులు, అద్దాల చుట్టూ ముందు పోతాయి. ఏటి నీటితో బాధ వేరు. నీరు తీసినా ఒండ్రు పోదు. తలుపుల కింద పొడుగ్గా ఉండే పెట్టెల్లో చేరి, చెమ్మ పట్టుకుని, ఏళ్ల తరబడి లోపల్నుంచి రేకును తింటుంది. ఫోనుకు తగిలించే చిన్న కెమెరా గొట్టం ఎడమ పెట్టె నీరుపోయే రంధ్రంలోంచి దూర్చితే, రంధ్రం సగం మూసుకుపోయి, లోపల రెండు వేళ్ల మందాన ఎండి బీటలు వారిన బంక కనబడింది. చెరువు ఎండినప్పుడు అడుగున ఎలా ఉంటుందో అచ్చం అలాగే. కుడి పెట్టెలో బంక తక్కువ, ఎడమవైపుకు నేల వాటంగా ఉండడం కారణం.

జనవరి 4, ఆదివారం: బాడీ

అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి బాడీ అంతా తిప్పాం. గట్టిగా పట్టుకున్నచోట రేకు ఉన్నట్టు, జారిపోయినచోట పుట్టీ ఉన్నట్టు. రెండు వెనక చక్రాల పైన వంపుల్లోనూ, ఎడమ వెనక తలుపు అడుగు అంచులోనూ జారిపోయింది. వంపుల్లో పుట్టీ ఉండడం ఆశ్చర్యమేమీ కాదు, చక్రం ఎగజిమ్మే బురద అక్కడే చేరుతుంది. దాన్ని కోసి కొత్త ముక్క వేయడం ఏ టింకరు మేస్త్రీకైనా తెలిసిన పనే.

ఎత్తి చూసే పరీక్ష: జాకీ ఎడమ పెట్టె మధ్యలో పెట్టకూడదు, చితికిపోతుంది. ముందు చక్రం వెనక, గట్టి అంచు దగ్గర, కింద చెక్క ముక్క పెట్టి నెమ్మదిగా ఎత్తాలి. ఎత్తుతుండగా ముందు తలుపు వెనక అంచు దగ్గర సందు ఎంతుందో చూస్తూ ఉండాలి. ఎడమవైపు 6 మిల్లీమీటర్ల సందు 4కు వచ్చింది, తలుపు తెరవబోతే కొంచెం పట్టింది. కుడివైపు 6 అలాగే నిలిచింది. అంటే ఎడమ పెట్టె బలం తగ్గింది, ఇంకా తెగలేదు. సందు పూర్తిగా మూసుకుపోయి తలుపు బిగుసుకుంటే అక్కడితో ఆపి ఇంటికి వెళ్లిపోవచ్చు.

తర్వాత కొలతలు. సస్పెన్షన్ బిగించే నాలుగు చోట్ల నుంచి తాపీ మేస్త్రీల గుండుదారం వదిలి, నేల మీద సుద్దతో చుక్కలు పెట్టి, మూలమూలకూ కొలిచాం. రెండు మూల కొలతలకూ తేడా 4 మిల్లీమీటర్లు. ముందు వెనక చక్రాల నడుమ దూరం ఈ కారుకు 2667 మిల్లీమీటర్లు ఉండాలి. ఎడమ 2666, కుడి 2664 వచ్చాయి. ముందు మడ్‌గార్డు నొక్కు పెద్ద యాక్సిడెంటులా కనబడ్డా, దెబ్బ లోపలి దూలం దాకా పోలేదు. మడ్‌గార్డు బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి ఆ నొక్కు చూసి జడుసుకోనక్కర్లేదు. అయితే చక్రాలలో గాలి లేకుండా ఈ కొలత తీస్తే తప్పు వస్తుంది. కంప్రెసరు తెచ్చి నాలుగింటికీ గాలి సమంగా కొట్టాకే కొలవాలి.

అసలు చిక్కు వెనక ఉంది. డిక్కీలో స్టెప్నీ తీసి, అడుగు నుంచి వెనక ఇరుసు మీదుగా పోయే కుడి దూలాన్ని దబ్బనంతో నొక్కితే ఒక చోట లోపలికి దిగిపోయింది. గీకితే పాత అతుకు బయటపడింది. కుళ్లిన రేకును కోయకుండా దాని మీదే కొత్త ముక్క పెట్టి ఆర్క్ వెల్డింగుతో చుట్టూ అంటించారు. రెండు రేకుల మధ్య చెమ్మ చేరి అసలు రేకు పొడైపోయింది. పాడైన పొడవు 22 సెంటీమీటర్లు. ఇరుసు పక్కలకు ఊగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్డు బాడీకి తగిలే బ్రాకెట్టు దానికి జానెడు దూరంలోనే ఉంది. బ్రాకెట్టు చుట్టూ దబ్బనం దిగలేదు, సుత్తితో కొడితే గణగణమని మోగింది. కుళ్లిన చోట కొడితే పగిలిన కుండ మీద కొట్టినట్టు మొద్దుగా వినబడింది.

కొనాలా వద్దా అన్నది ఆ జానెడు దూరం మీదే ఆధారపడి ఉంది. బ్రాకెట్టు కూడా పోయి ఉంటే ఇరుసును జిగ్గు (కొలత తప్పకుండా పట్టి ఉంచే చట్రం) మీద నిలబెట్టి కొలతలతో మళ్లీ కట్టాల్సి వచ్చేది. ఆ పని ఇక్కడ నమ్మకంగా చేయించడం కష్టం. ఒంగోలు, చీమకుర్తి వైపు గ్రానైటు లారీల చాసిస్ అతికే చేతులకు తిరుగులేదు, వాళ్లు అతికింది పదేళ్లయినా వీడదు. కాని ఆ పని లావు ఇనుము మీద. కారు దూలం రేకు మిల్లీమీటరున్నరకు అటూఇటూ, ఆర్క్ రాడ్డు పెడితే కరిగి రంధ్రం పడుతుంది. దీనికి సీవోటూ వెల్డింగే కావాలి, 0.8 మిల్లీమీటర్ల తీగతో.

బాగు చేసే పద్ధతి ఇది. ముందు తలుపుల చోట 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలతో లోపలి నుంచి ఆనింపు కట్టాలి, లేకపోతే కోసిన మరుక్షణం బాడీ వాలిపోయి తలుపులు మళ్లీ పట్టవు. కుళ్లింది మెరిసే రేకు వచ్చేదాకా కోసేయాలి. దూలానికి 16 గేజి, నేలకు 18 గేజి ముక్క వంచి, అంచుకు అంచు ఆనించి పెట్టాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కించకూడదు. గీత పొడవునా ఒక్కసారే లాగితే వేడికి రేకు మెలి తిరుగుతుంది. 25 మిల్లీమీటర్లకొక చుక్క, ఈ చివరొకటి ఆ చివరొకటి, చెయ్యి పెడితే ఓర్చుకునేంత చల్లారాక తర్వాతది. జీఐ రేకు వాడితే వెల్డింగు చేసే చోట పైనున్న జింకు అరగదీయాలి. దాని పొగ పీలిస్తే ఆ రాత్రే చలిజ్వరం వస్తుంది. చివర్న లోపలి బోలులోకి మైనం మందు కొట్టాలి. వాడేసిన ఇంజనాయిలు కొట్టే అలవాటు మనవైపు బాగా ఉంది, దానికి రబ్బరు బుష్షులు ఉబ్బిపోతాయి.

జనవరి 8, గురువారం: ఇంజను

ఇప్పుడు బానెట్టు. డిప్‌స్టిక్కు మీద ఆయిలు మజ్జిగ రంగులో ఉంది. ఆయిల్ చాంబరు అడుగు బోల్టును పూర్తిగా విప్పకుండా రెండు చుట్లు వదులు చేసి, కింద తెల్ల ప్లాస్టిక్కు మగ్గు పెట్టాం. ఆయిలు కంటే నీరు బరువు కాబట్టి అడుగున చేరిన నీరే ముందొస్తుంది. సుమారు 300 మిల్లీలీటర్ల నీరు, ఆ వెనక నల్లటి ఆయిలు. మగ్గు అడుగున వేలు పెట్టి రుద్దితే సన్నటి ఒండ్రు గరగరలాడింది. అంటే క్రాంకు బేరింగులు విప్పి చూడక తప్పదు. ఇంజను తిరిగినా, తిరగకపోయినా, పూర్తి పని ఖర్చు లెక్కలో వేయాల్సిందే.

వెంట వచ్చిన మెకానిక్ మొదటి మాట: "సెల్ఫ్ కొట్టబాకన్నా, రింగు ఇరిగితే బోరంతా గీసుకుపోద్ది." ఆ మాట అక్షరాలా నిజం. ఏళ్లుగా ఆగిన ఇంజన్లో రింగులు బోరుకు తుప్పుతో అంటుకుంటాయి. గేర్లో వేసి తాడుతో లాగడం ఇంకా ప్రమాదం. నాలుగు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్లో 50 మిల్లీలీటర్ల చొప్పున డీజిలు, పవర్ స్టీరింగు ఆయిలు సగం సగం కలిపి పోశాం. ప్లగ్గు రంధ్రాలకు గుడ్డ కుక్కి వదిలేశాం. ఎలాగూ సంక్రాంతి, పది రోజులు ఎవరూ దొరకరు. నానడానికి అదే మేలైంది.

జనవరి 18, ఆదివారం

క్రాంకు పుల్లీ నట్టుకు పొడుగు పానా వేసి ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం. మొదట బండరాయిలా ఉంది. బలం పెట్టకుండా ఊపుతూ పోతే 20 నిమిషాలకు కదిలింది, అరగంటకు పూర్తి చుట్టు తిరిగింది. రెండు చుట్లలో ఎక్కడా తగిలి ఆగలేదు. టైమింగు చైను తిన్నగా తిరుగుతోందని వాల్వు కవరు తీసి చూశాం.

కంప్రెషన్ (సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటుందో) చూసే ముందు కొత్త ఆయిలు పోసి, చేత్తో ఇరవై చుట్లు తిప్పాలి. సెల్ఫ్ మోటారు విప్పి ఒండ్రు కడిగి, బుష్షులకు నూనె పెట్టి బిగించాం. కాయిలు తీగ తీసేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, 5 సెకన్ల చొప్పున కొట్టాం. పీఎస్‌ఐల్లో 1వ సిలిండరు 130, 2వది 125, 3వది 60, 4వది 128. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపుంటే మంచిది. మూడోదాంట్లో రెండు చెంచాల ఆయిలు పోసి మళ్లీ కొడితే 65 మాత్రమే వచ్చింది. రింగుల లోపమైతే ఆయిలు పోయగానే బాగా పెరగాలి. పెరగలేదంటే గాలి వాల్వు దగ్గర పోతోంది. బండి ఆగినప్పుడు మూడోదాని వాల్వు తెరుచుకుని ఉండిపోయింది, ఆ సందులోంచి చెమ్మగాలి వెళ్లి సీటు తుప్పు పట్టింది. కెమెరాలో చూస్తే సీటు మీద ఎర్రటి చుక్కలు కనబడ్డాయి, బోరు గోడ మీద మాత్రం లోతైన గుంటల్లేవు. చేయించాల్సిన పని: వాల్వు సీటింగు, రింగులు, బేరింగులు, ఆయిలు పంపు. బోరు చేయించక్కర్లేకపోవచ్చు.

గేర్‌బాక్సులో, వెనక హౌసింగులో కూడా నీరే ముందొచ్చింది. గేరు పళ్లు బాగున్నాయి, హౌసింగు బేరింగులు తిప్పితే ఇసక పోసినట్టు శబ్దం. వెనక బ్రేకు డ్రమ్ములు ఊడలేదు, ముందు కాలిపర్ల పిస్టన్లు కదల్లేదు. బ్రేకు పైపులన్నీ మార్చాలి. పైకి బాగున్నా క్లిప్పు కింద తుప్పు తింటుంది, ఊదితే తెలియదు, తొక్కినప్పుడు పగులుతుంది. బండీ పైపు (బ్రేకులకు వాడే ఉక్కు గొట్టం) తెచ్చి చివర్లు రెండు మడతలుగా వంచాలి, ఒక్క మడతతో కారుతుంది.

పెట్రోలు ట్యాంకులో వార్నిష్ వాసన. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1993లో వేసిన రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ డయాఫ్రం, పంపు వాషర్లు దానికి ఉబ్బి మెత్తబడతాయి. ఇథనాల్ చెమ్మను కూడా లాగుతుంది కాబట్టి నిలబెట్టిన బండి ట్యాంకు మళ్లీ తుప్పు పడుతుంది. ట్యాంకు కడిగి, లోపల పూత వేయించి, గొట్టాలన్నీ కొత్తవి వేయాలి.

వైరింగులో గీతకు పైన ఉన్నది బాగుంది. కింద కనెక్టర్లు విప్పితే ఆకుపచ్చ చిలుము. తీగ తోలు అంగుళం కోసి చూస్తే లోపలి రాగి నల్లబడి ఉంది. కేశనాళాల్లోకి ఎక్కినట్టు నీరు తీగ లోపల చాలా దూరం ఎక్కుతుంది. వెనక వైపు వైరింగంతా కొత్తది.

బయట దొరకని వస్తువులు బండికి ఉన్నాయో లేదో ఒక్కటొక్కటిగా చూసుకున్నాం. ముందు అద్దం, వెనక అద్దం, టెయిల్‌లైట్లు, గ్రిల్లు, అద్దాల చుట్టూ క్రోము పట్టీలు, బంపర్లు అన్నీ ఉన్నాయి. పోయింది ఒక హెడ్‌లైటు, రెండు తలుపు పిడులు, ఎడమ చక్రం మూత. ఈ బండికి ఇదే పెద్ద బలం. పాత బండ్ల పని మధ్యలో ఆగేది చాలాసార్లు ఇంజను వల్ల కాదు, ఒక టెయిల్‌లైటు దొరక్క ఆర్నెల్లు పుదుపేట చుట్టూ తిరిగే దగ్గరే ఆగుతుంది.

జనవరి 24, శనివారం: కాగితాలు, లెక్క

ఆర్‌సీ తండ్రి పేరున ఉంది, ఆయన లేరు. అమ్ముతున్నది కొడుకు, కూతురు కూడా ఉంది. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, చెల్లెలి అంగీకార పత్రంతో ఫారం 31 వేసి ముందు కొడుకు పేరుకు మారాలి. ఆ తర్వాతే కొనేవాళ్ల పేరుకు మార్చే 29, 30 ఫారాలు. ఆర్‌సీ మీద ఫైనాన్సు ముద్ర లేదు, ఉంటే దాన్ని తీయించే ఫారం 35 కూడా కావాల్సి వచ్చేది. బాడీ మీద కొట్టిన చాసిస్ నంబరును పెన్సిలుతో కాగితం మీదికి రుద్ది ఆర్‌సీతో పోల్చాం, సరిపోయింది. ఇంజను నంబరూ సరే.

రిజిస్ట్రేషను గడువు 2018లో అయిపోయింది. 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ రుసుం 2025 ఆగస్టు నుంచి 10,000. ఆలస్యానికి నెలకు 500 చొప్పున, 2022 ఏప్రిల్ నుంచి లెక్కేసినా 45 నెలలకు 22,500. వింటేజ్ రిజిస్ట్రేషను ఆశ పెట్టుకోకూడదు, దానికి 50 ఏళ్లు నిండాలి. మొట్టమొదటి కాంటెస్సాకే 2034 దాకా ఆగాలి.

లెక్క: టింకరింగు, వెల్డింగు 55,000. పెయింటు 90,000. ఇంజను 75,000. గేర్‌బాక్సు, హౌసింగు 20,000. బ్రేకులు 28,000. ట్యాంకు, కార్బురేటర్ 12,000. వైరింగు, సెల్ఫ్, డైనమో 30,000. టైర్లు, బ్యాటరీ 30,000. రబ్బర్లు, పిడులు, లైటు 35,000. సీట్లు, కార్పెట్టు 30,000. కాగితాలు, ఇన్సూరెన్సు 45,000. నెల్లూరు దాకా మోసుకురావడం 5,000. మొత్తం 4,55,000. తెరిచాక బయటపడేవాటికి పావు వంతు కలిపితే 5,68,750. పెట్టెలో బంక చూశాక ఆ పావు వంతు తగ్గించే ధైర్యం ఎవరికీ లేదు.

బాగుచేసిన కాంటెస్సా అమ్మితే చేతికి వచ్చేది 6 లక్షలనుకుంటే కొనే ధరకు మిగిలేది 31,250. ఇనుపసామాను కొట్టులో అమ్మినా అటూఇటూగా అదే వస్తుంది. లాభానికైతే ఈ బండి వద్దు. దాచుకోవడానికైతే, అన్ని వస్తువులూ ఉన్నాయి కాబట్టి, 40,000 దాకా ఇవ్వొచ్చు. అదే ఒండ్రు లేకుండా కనిగిరి, పొదిలి వైపు ఎండు నేల మీద నిలిచిన బండైతే టింకరింగు సగానికి తగ్గేది, అప్పుడు లక్ష ఇచ్చినా దండగ కాదు.

జనవరి 31, శనివారం

మగ్గులోని ఒండ్రు, కెమెరాలో తీసిన బొమ్మలు, 60 చూపిన కంప్రెషన్ అంకె అమ్మేవాళ్ల ముందు పెట్టాం. గంటసేపు మాట్లాడాక 42,000కు ఒప్పుకున్నారు. బయానా ఇవ్వలేదు. ఫారం 31 పూర్తయి కొడుకు పేరుతో ఆర్‌సీ వచ్చాకే డబ్బు, అప్పటిదాకా బండి అక్కడే. వాళ్ల చెల్లెలు వచ్చి సంతకం పెట్టే రోజు ఫిబ్రవరి 15 అన్నారు.

ఆగే రెండు వారాలకు చేసినవి: నాలుగు సిలిండర్లలో మూడేసి చెంచాల ఇంజనాయిలు పోసి ప్లగ్గులు బిగించాం. బాడీ బరువు నాలుగు స్టాండ్ల మీద నిలిపాం, ఎడమ పెట్టె కింద మాత్రం స్టాండు పెట్టలేదు. పెట్టెల నీటి రంధ్రాలు ఇనుప చువ్వతో తెరిచి, మొదటి బొక్కెన బంక బయటికి తీశాం. కార్పెట్టు పెరికి నేల రేకు గాలికి వదిలాం. ఎలుకలు దూరకుండా సైలెన్సరు గొట్టానికి జల్లెడ కట్టాం.